ఉల్టా పడ్డ అమానత్

మా మొహల్లా మసీదు మీది నీళ్ల ట్యాంకు నిండి పొర్లితే ఆ చప్పుడు మా ఇంటి దాకా వినిపిస్తుంది. ఇషా నమాజు తర్వాత మోటరు బంద్ చేయడం ఎవరైనా మర్చిపోయారంటే అర్ధరాత్రి దాకా నీళ్లు గోడ వెంట కారుతూనే ఉంటాయి. వుజూ చేసేటప్పుడు కూడా నీళ్లు దుబారా చేయొద్దని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినోళ్లం. ఆ వుజూ నీళ్లే మోరీలో కలుస్తుంటే మా అబ్బాకు నిద్ర పట్టదు. "ఇస్రాఫ్ హోరా" అని గొణుక్కుంటూ మంచం మీద లేచి కూర్చుంటారు.

మా పెద్ద బిడ్డ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. బ్రాంచి ఎలక్ట్రానిక్స్. కాలేజీలో మినీ ప్రాజెక్టు చేయాల్సొచ్చినప్పుడు "దాదా, మసీదు ట్యాంకుకు నేను ఒక బోర్డు చేస్తా. నీళ్లు నిండగానే మోటరు దానంతట అదే బంద్ అయితది" అంది. అబ్బా మొహం విప్పారింది. నాకు మాత్రం లోపల బెంగ. పిల్ల చేసిన పని పదిమంది వాడుకునే చోట పెడతారు. తప్పు పోతే ఎట్లా?

అబ్బా గురించి రెండు మాటలు చెప్పాలి. పాలమూరు బస్టాండు దగ్గర నలభై ఏండ్ల దాకా రేడియో రిపేరు దుకాణం నడిపారు. రేడియోల తర్వాత టేప్ రికార్డర్లు, ఆ తర్వాత టీవీలు, స్టెబిలైజర్లు. స్పేర్ పార్టుల కోసం నెలకోసారి హైదరాబాదు పోయి కోఠీ గుజరాతీ గల్లీలో తిరిగి, సంచి నింపుకొని వచ్చేవారు. ఇంగ్లీషు చదవడం రాదు. ట్రాన్సిస్టర్ మీది నంబరు మాత్రం భూతద్దం లేకుండా చదివేవారు. రిపేరుకొచ్చిన ప్రతి రేడియోకు చీటీ కట్టి "యే అమానత్ హై" అనేవారు. ఎవరి వస్తువో వాళ్లకు పదిలంగా చేరాలి, అంతే.

నేను ఆ దుకాణంలో కూర్చోలేదు. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం, ఆ తర్వాత పట్టుబట్టి తెలుగు తీసుకొని డిగ్రీ చదివాను, పేపర్లో నౌకరీ. నిజం చెప్పాలంటే టంకం వాసన వేసే ఆ దుకాణం అంటే నాకు చిన్నప్పుడు షరమ్‌గా ఉండేది. దుకాణం మూతపడిన రోజు కూడా నేను ఊళ్లో లేను. అబ్బా ఒక్కరే సామానంతా సర్ది, ఒక ఇనుప పెట్టె ఇంటికి తెచ్చుకున్నారు.

ఒక ఆదివారం అసర్ తర్వాత బిడ్డ ల్యాప్‌టాప్ తెచ్చి మా ముందు పెట్టింది. కీక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్. ఫ్రాన్సులో జాఁ-పియర్ షారా అనే ఆయన 1992లో మొదలుపెట్టారట. తర్వాత సెర్న్ అనే పెద్ద పరిశోధన సంస్థ కూడా సాయం చేసింది. పైసా ఖర్చు లేదు, ఎవరైనా దించుకొని వాడుకోవచ్చు. ముందు సర్క్యూటును గుర్తులతో గీస్తారు. తర్వాత ఏ పార్టు బోర్డు మీద ఎక్కడ కూర్చోవాలో, దాని కాళ్లకు రంధ్రాలు ఎక్కడుండాలో, వాటిని కలిపే రాగి దారులు ఎటు పోవాలో గీస్తారు.

ఆ గీతలు చూస్తే నాకేమీ అర్థం కాలేదు. నల్లటి తెర మీద ఎర్ర గీతలు, నీలం గీతలు ఒకదాని మీద ఒకటి. ఎర్రవి బోర్డు పైవైపు, నీలివి కిందివైపు అంది. అబ్బా కళ్లజోడు సర్దుకొని చూశారు. ఒక కంటికి మోతియాబింద్ ఆపరేషన్ అయింది, రెండోదానికి ఇంకా కాలేదు. కాసేపు చూసి మొహం పక్కకు తిప్పుకున్నారు. తనకు చేతగాని చోటికి తెచ్చి కూర్చోబెట్టారన్నట్టు ఉంది ఆ చూపు. నాకు మనసు చివుక్కుమంది.

"ఆగండి దాదా" అని బిడ్డ ఆల్ట్ నొక్కి మూడు అంకె నొక్కింది.

ఇంకో కిటికీ తెరుచుకుంది. అందులో ఆకుపచ్చ బోర్డు. దాని మీద నీలం రంగు రిలే డబ్బా, నల్లటి ట్రాన్సిస్టర్లు, నిలబడిన కెపాసిటర్, వైర్లు బిగించే స్క్రూల కనెక్టర్లు. మౌస్ కదిపితే బోర్డు పక్కకు ఒరిగింది, ఇంకాస్త కదిపితే బోర్లా పడింది. అబ్బా ముందుకు వంగారు.

"సచ్చీ కా దిస్రా! జరా ఘుమావ్ బేటా."

ఇది ఫోటో కాదు. బోర్డు ఇంకా ఈ దునియాలో పుట్టనే లేదు. బిడ్డ చెప్పినదాన్ని నేను అర్థం చేసుకున్నంతలో రాస్తున్నా. ప్రతి పార్టుకూ రంధ్రాల నక్షాతో పాటు దాని ఆకారం కూడా ఒక ఫైలుగా ఉంటుంది. పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ అందులోనే. సాఫ్ట్‌వేర్ ముందు 1.6 మిల్లీమీటర్ల మందంతో బోర్డు కడుతుంది. దాని మీద రాగి పొర, ఆ పైన టంకం అంటకుండా కాపాడే ఆకుపచ్చ పొర, ఆ పైన తెల్ల అక్షరాలు పరుస్తుంది. చివరికి ఆ ఆకారాలను తెచ్చి వాటి వాటి చోట్ల నిలబెడుతుంది. కావాలంటే నీడలు, మెరుపులు కూడా పడేట్టు చూపిస్తుంది. ఆకారం ఫైలు లేని పార్టయితే ఆ చోటు ఖాళీగా కనిపిస్తుంది. అంతమాత్రాన ఆ పార్టు లేదని కాదు.

నలభై ఏండ్లు బోర్డులను చేతిలో తిప్పిన మనిషి అబ్బా. గీతలుగా ఉన్నప్పుడు పరాయిదైన సామాను, తిరిగే వస్తువు కాగానే ఆయనదైపోయింది. మౌస్ పట్టుకోవడం రాదు కాబట్టి వేలితో గాలిలో చూపిస్తుంటే బిడ్డ అటు తిప్పింది.

రెండో నిమిషంలోనే మొదటి తప్పు దొరికింది. "ఇస్మే తార్ కిధర్ సే డాల్తే?" అని అడిగారు. బిడ్డ చూపించబోయి ఆగిపోయింది. వైరు దూర్చే నోరు బోర్డు అంచు వైపు ఉండాలి. ఒక కనెక్టర్ నోరు లోపలికి, కెపాసిటర్ వైపు తిరిగి ఉంది. గీతల నక్షాలో చూస్తే నలుచదరం డబ్బా, రెండు రంధ్రాలు. ఎటు తిరిగినా దాదాపు ఒక్కలాగే కనిపిస్తుంది. మూడు కొలతల్లో చూసేసరికి బయటపడింది. బిడ్డ నాలిక కరుచుకుని దాన్ని తిప్పేసింది.

తర్వాత కెపాసిటర్ ఎత్తు. బజార్లో కొన్న ప్లాస్టిక్ డబ్బాను అబ్బా తెప్పించి, స్కేలుతో లోపలి లోతు కొలిచారు. బోర్డు కింద పెట్టే స్క్రూ దిమ్మెల ఎత్తు, బోర్డు మందం, కెపాసిటర్ ఎత్తు కలిపితే మూత పడదు. ఇంకాస్త లోతైన డబ్బా తేవాలని రాసుకున్నాం.

మూడోది ట్రాన్సిస్టర్. "నంబర్ క్యా హై?" అన్నారు. బిడ్డ నక్షాలో 2ఎన్ 3904 పెట్టింది. మా ఊరి దుకాణంలో సులువుగా దొరికేది బీసీ 547. నన్ను అదే తెమ్మంది, రెండూ ఒకే పని చేస్తాయని. అబ్బా తల అడ్డంగా ఊపారు. తెర మీద చూస్తే రెండింటి శరీరం ఒక్కటే. ఒకవైపు బల్లపరుపు, మరోవైపు గుండ్రం, మూడు కాళ్లు. బల్లపరుపు వైపు మనకేసి పెట్టుకుని ఎడమ నుంచి చూస్తే బీసీ 547కు కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్ 3904కు ఎమిటర్, బేస్, కలెక్టర్. అంటే ఉల్టా. బొమ్మ ఎంత అందంగా తిరిగినా ఈ ఫరక్ చూపించదు. బిడ్డ వెంటనే డేటాషీటు తీసి చూసింది. అబ్బా చెప్పిందే ఉంది. ఆమె ఆయన వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. దాదా అంటే మొహబ్బత్ మొదటి నుంచీ ఉంది. ఆ రోజు చూపులో ఇంకేదో కలిసింది.

అసలు సవాల్ ఆ తర్వాత వచ్చింది.

"బడీ బిజిలీ కిధర్ సే జారీ?"

పెద్ద కరెంటు, అంటే 230 వోల్టులు. రిలే దగ్గరికి వచ్చి పోయేది. బిడ్డ బోర్డును బోర్లా తిప్పి, ఆకుపచ్చ పొరను కనబడకుండా చేసింది. కింద రాగి దారులు బంగారు రంగులో మెరిశాయి. ఒక దారి మీద వేలు పెట్టి ఇదే అంది. దాని పక్కనే ఇంకో దారి. అదేమిటని అడిగారు అబ్బా. ట్యాంకులో నీటి మట్టం కనిపెట్టే స్టీలు కడ్డీలకు పోయే 12 వోల్టుల దారి. రెండింటి మధ్య దూరం కొలిస్తే ఒక మిల్లీమీటరు కూడా లేదు.

అబ్బా చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నారు: "పానీ మే హాత్ డాల్తే లోగాఁ."

నా వెన్నులో చలి పుట్టింది. ఆ కడ్డీలు మునిగేది ట్యాంకు నీళ్లలో. ఆ నీళ్లే నల్లాల్లోంచి వుజూ చేసేవాళ్ల చేతుల మీద పడతాయి. ముసలివాళ్లు, పసిపిల్లలు, తడి నేల మీద చెప్పుల్లేని కాళ్లు.

బిడ్డకు కోపం వచ్చింది. కోపం కాదు, ఏడుపు. "కంప్యూటర్ అంతా చెక్ చేసింది అబ్బూ, ఒక్క ఎర్రర్ కూడా రాలేదు" అంది నాతో. నిజమే, రాలేదు. ఎందుకు రాలేదో తర్వాత తనే కనిపెట్టింది. దారుల మధ్య ఇంత ఖాళీ ఉండాలని మనం చెబితే సాఫ్ట్‌వేర్ దానితో సరిపోల్చి చూస్తుంది. మనం ఏమీ చెప్పకపోతే అది మొదట్లో పెట్టుకున్న దూరం 0.2 మిల్లీమీటర్లు. ఈ దారిలో 12 వోల్టులు, ఆ దారిలో 230 అని దానికి ఎవరూ చెప్పలేదు. చెప్పని దాన్ని అదెట్లా అడుగుతుంది?

అబ్బా లేచి వెళ్లి ఇనుప పెట్టెలోంచి ఒక పాత స్టెబిలైజర్ బోర్డు తెచ్చారు. రెండు దారుల మధ్య బొగ్గులా నల్లటి మరక. దుమ్ము పడింది, వానాకాలం తేమ పట్టింది, కొంచెం కొంచెంగా కరెంటు ఆ దుమ్ములోంచి పాకింది. పాకిన చోట బోర్డు కాలి బొగ్గయింది. బొగ్గు కరెంటును ఇంకా బాగా పారనిస్తుంది. చివరికి ఒకరోజు భగ్గుమంది. కొత్తగా ఉన్నప్పుడు ఆ బోర్డు కూడా బాగానే పనిచేసిందన్నారు. బిడ్డ ఆ మరకను గోటితో గీకి చూసింది. కళ్లు తుడుచుకొని ల్యాప్‌టాప్ దగ్గరికి జరిగింది.

వారం రోజులు మళ్లీ మొదటి నుంచి గీసింది. 230 వోల్టుల దారులకు వేరే తరగతి పెట్టి, మిగతా వాటికి కనీసం 6 మిల్లీమీటర్ల దూరం ఉండాలని రాసింది. వెంటనే తెర నిండా ఎర్రర్లు. అందులో ఒక మొండి ఎర్రర్ రిలేదే. ఆ చవక నీలం రిలేలో పెద్ద కరెంటు వచ్చే కామన్ కాలు, చిన్న కరెంటుతో నడిచే కాయిల్ రెండు కాళ్ల నడుమే ఉంటుంది. రిలే తయారీయే అట్లా. దాన్ని జరపలేం. అప్పుడు కాలేజీలో సారు చెప్పిన ఉపాయంతో ఆ కాలు చుట్టూ బోర్డునే చీల్చింది. బోర్డు అంచులు గీసే పొరలోనే సన్నటి సందు గీస్తే, ఫ్యాక్టరీవాళ్లు అక్కడ బోర్డు కోసేస్తారు. కరెంటు బోర్డు మీద పాకాలంటే ఆ సందు చుట్టూ తిరిగి పోవాలి. మూడు కొలతల్లో చూస్తే ఆ సందులోంచి అవతలి ఖాళీ కనిపించింది. అబ్బా "హౌ, అబ్ ఠీక్" అన్నారు.

మోటరును నేరుగా రిలే మీద నడపొద్దని కూడా అబ్బానే చెప్పారు. రిలే మీద 10 యాంపియర్లని రాసి ఉన్నా, మోటరు మొదలయ్యే క్షణంలో మామూలు కన్నా ఎన్నో రెట్ల కరెంటు లాగుతుంది. కాంటాక్టులు అతుక్కుపోతే మోటరు ఇక ఆగదు. అందుకే రిలే కాంటాక్టర్‌ను నడుపుతుంది, కాంటాక్టర్ మోటరును నడుపుతుంది. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్తింగ్ చూపించాం. ఎక్కడైనా 30 మిల్లీ యాంపియర్లు లీకయితే లైను కొట్టేసే ఆర్‌సీసీబీ పెట్టించాం. మసీదు కమిటీవాళ్లు ఖర్చు ఎక్కువైందని కొంచెం గునిశారు. అబ్బా ఆ నల్లటి మరక బోర్డు వాళ్లకూ చూపించారు.

ఆర్డరు పెట్టే ముందు అబ్బా ఇంకో షర్తు పెట్టారు. నక్షాను అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీయమన్నారు. అట్టకు అతికించి, సూదితో రంధ్రాలు పొడిచి, బజారు నుంచి తెచ్చిన పార్టులను అందులో గుచ్చారు. తెర మీద అగ్గిపెట్టెంత బోర్డును గోడంత చేసి చూడొచ్చు. వేలు స్క్రూ దాకా పోతుందా లేదా అన్నది అట్ట మీదే తెలుస్తుంది.

ఇప్పుడు నా సంగతి. ఇంత జరుగుతుంటే నేను చేసిన పని తర్జుమా ఒక్కటే. బిడ్డ ఇంగ్లీషు మాట అంటే అబ్బాకు ఉర్దూలో చెప్పడం, అబ్బా దుకాణం మాట అంటే బిడ్డకు విప్పి చెప్పడం. చివరి రాత్రి బిడ్డ అడిగింది: "అబ్బూ, బోర్డు వెనక ఏదైనా రాయించుకోవచ్చు. దాదా మాట ఒకటి ఉర్దూలో రాసివ్వండి." కాగితం మీద నల్ల పెన్నుతో 'అమానత్' అని రాశాను. అలిఫ్, మీమ్, అలిఫ్, నూన్, తే. చాలా రోజుల తర్వాత రాసిన ఉర్దూ అది. ఆమె దాన్ని ఫోటో తీసి, బొమ్మగా మార్చి, కిందివైపు తెల్ల అక్షరాల పొరలో పెట్టింది. గీతల నక్షాలో నాకు చూపించింది. సరిగ్గానే ఉందన్నాను.

ఆర్డరు బటన్ నొక్కే ముందు ఎందుకో "ఒకసారి తిప్పి చూపించు" అన్నాను. తిప్పింది. నేను ఉలిక్కిపడ్డాను. అక్షరాలు అద్దంలో చూసినట్టున్నాయి. ఎడమ నుంచి మొదలై కుడికి పోతున్నాయి. గీతల నక్షాలో కిందివైపును కూడా పైనుంచే, అద్దంలోంచి చూసినట్టు చూస్తాం. అక్కడ సరిగ్గా కనిపించిందంటే బోర్డు తిప్పినప్పుడు ఉల్టా అవుతుంది. కింద రాసే రాతను ముందుగానే తిరగేసి పెట్టాలి. అది బిడ్డకూ తెలుసు, ఇంగ్లీషు అక్షరాలన్నీ అట్లాగే పెట్టింది. ఇది బొమ్మ కదా అని మర్చిపోయింది.

"నీకు తేడా తెలియలేదా బేటా?" అన్నాను.

"నాకు రెండూ ఒక్కలాగే ఉన్నాయి అబ్బూ" అంది.

ఖురాన్ చదువుతుంది నా బిడ్డ. జేర్ జబర్‌లు ఉంటే అక్షరం అక్షరం పట్టుకుని చదువుతుంది. అవి లేని చేతిరాత ఉర్దూ మాత్రం ఆమెకు ఒక డిజైను. తప్పు ఆమెది కాదు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియంలో వేసింది నేను. అబ్బా దుకాణం గడప నేను దాటనట్టే, ఉర్దూ గడప ఆమెను దాటనివ్వలేదు. 2ఎన్ 3904ను, బీసీ 547ను నేను ఎట్లా చూశానో, నా బిడ్డ నా జబాన్‌ను అట్లా చూసింది. ఏ కాలు ఎటుందో తెలియదు, చూడ్డానికి మాత్రం బాగుంది.

బొమ్మను తిరగేసింది. మళ్లీ తిప్పి చూశాం. అమానత్, కుడి నుంచి ఎడమకు. అప్పుడు ఆర్డరు పెట్టింది.

పదిహేను రోజులకు బోర్డులు వచ్చాయి. అబ్బా ఒకటి చేతిలోకి తీసుకుని ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టారు. రిలే చోట కోసిన సందులోంచి వెలుతురు ఆయన చెంప మీద పడింది. తర్వాత వెనక్కి తిప్పి ఆ రాతను బాగున్న కన్నుకు దగ్గరగా పెట్టుకున్నారు. చదివారు. ఏమీ అనలేదు. టంకం కాడ వేడెక్కిందా అని అడిగారంతే. ఒక్కో పార్టూ ఆయన చెబుతుంటే బిడ్డ అతికింది. ఆ టంకం పొగ వాసనలో నేను కూడా పక్కనే కూర్చున్నాను. ఈసారి లేచి పోలేదు.

ఇప్పుడు జుమా రోజుల్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక దాదీ ముందు పాత ఉర్దూ ఖాయిదా తెరుచుకుంటుంది మా బిడ్డ. మసీదు మోటరు గదిలో ఆ డబ్బా గోడకు బిగించి ఉంది. ట్యాంకు పొర్లడం ఆగింది. అబ్బా మాత్రం ఇషా తర్వాత ఒకసారి ఆ గది దాకా పోయి, మోటరు బంద్ అయిన చప్పుడు చెవులారా విని గానీ ఇంటికి రారు.